రెండూ పోతులే

జూన్ 3, సోమవారం

మొదటి పేజీ మా వియ్యంకుడికే. పదిహేడేళ్ళుగా కడుపులో పెట్టుకున్నది ఎక్కడో ఒకచోట కక్కాలి గదా.

మా వాడి పెళ్ళిలో పెరటి గడ్డిలో రెండు పాములు పెనవేసుకుని నిలువునా లేచాయి. జనం మూగారు. కొట్టుకుంటున్నాయి అన్నాను నేను. ఆయన, అంటే పిల్ల తండ్రి, కళ్ళజోళ్ళ షాపు మనిషి, అంతమందిలో చెయ్యెత్తి నన్ను ఆపాడు. "కొట్లాట కాదు బావగారూ, సరసం. ఒకటి ఆడ నాగు, ఒకటి జెర్రిపోతు. పేరులోనే పోతు ఉంది, ఇంకేం కావాలి? మీకు అర్జంటుగా అద్దాలు కావాలి" అన్నాడు. అందరూ నవ్వారు. వంటవాళ్ళు గరిటెలతో సహా బయటికి వచ్చి మరీ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని.

నేను లారీ టైర్లకి కొత్త రబ్బరు వేసి బతికినవాణ్ణి. ఎంతమంది టైర్లలోంచి గాలి తీశానో లెక్కలేదు. నాలోంచి గాలి తీసినవాడు ఆయనొక్కడే.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అది కొట్లాటే అని ఆయన నోటితో ఆయన అనేదాకా ఈ కళ్ళకి అద్దం ఆనించను. ఆనించలేదు. అవసరమూ రాలేదు. నా చూపు బంగారం.

ఈ డైరీ బండల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చింది. పెరట్లో పాములు తిరుగుతున్నాయని మా కోడలు పెరడంతా బండలు పరిపిస్తానంటోంది. వాళ్ళ బండల బొమ్మల పుస్తకంతో పాటు ఇది వచ్చింది. బండలు వద్దు. డైరీ ఉంచుకున్నాను. నాకు చదువు లేదు. అక్షరాలు లారీల వెనకాల చూసి నేర్చుకున్నాను. నేను మొదట చదివిన మాట "దూరం పాటించుము". కాబట్టి నా అక్షరం పెద్దదిగా ఉంటుంది. పేజీకి ఇంతే పడుతుంది.

జూన్ 5, బుధవారం

పసిరిక పాము. చిక్కుడు పందిరి మీద.

చిక్కుడు తీగ గాలికి వేలాడుతుంటే పురికొస తీసుకుని కర్రకి కట్టాను. కట్టాక తీగ నాలిక చాపింది.

నేను తీగ అనుకుని కట్టానని ఇంట్లో వాళ్ళ మాట. నేను తెలిసే కట్టాను. పారిపోకుండా.

కోడలు అరుపుకి పక్కింటి కుక్క మంచం కింద దూరిందట. "మామయ్యా, చెయ్యి తియ్యండి! కళ్ళు పొడుస్తుంది!" అని. "అది కళ్ళు పొడవదు, నీ అరుపే చెవులు పొడుస్తోంది" అన్నాను. పాములు పట్టే అమ్మాయికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి స్కూటర్ మీద వచ్చింది, నెత్తిన హెల్మెట్, చేతిలో కొక్కెం కర్ర. పందిరి దగ్గరికి పోయి వంగి చూసింది.

"తాతగారూ, ఈ ముడి ఎవరు వేశారు?"

"నేనే. ఏం, వదులైందా?"

"లేదు, చాలా పద్ధతిగా ఉంది. పాముకి ముడేసినవాళ్ళని ఇప్పటిదాకా చూడలేదు."

చూశారా. పద్ధతిగా ఉందంది. మా ఆవిడ మాత్రం పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడింది. ఈవిడకి నవ్వడానికి ఏదో ఒకటి కావాలి.

ఆ అమ్మాయి ముడి విప్పి, పాముని సంచిలో వేసుకుని, పాముల బొమ్మలున్న ఒక పెద్ద కాగితం నా చేతిలో పెట్టి పోయింది. కోడలు బండల బొమ్మల పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఏమీ అనలేదు. లెక్కల టీచరు. అనకుండా లెక్క వేస్తుంది.

జూన్ 9, ఆదివారం

బొమ్మల కాగితాన్ని గోడకి అంటించాను. గది ఈ చివర నుంచి చూసినా, ఆ చివర నుంచి చూసినా ఒకటేలా ఉంది. కాగితం పాతది, రంగు పోయింది. అయినా సారం పట్టేశాను. దీనికి బళ్ళో చదువు అక్కర్లేదు, టైరు చూసిన కన్ను చాలు.

రక్తపింజర: గొలుసు డిజైను. వీపు మీద మూడు వరసలు. మట్టి రోడ్డు లారీకి వేసే రబ్బరు అచ్చం ఇలాగే ఉంటుంది. నాగు: డిజైను ముఖ్యం కాదు, గాలి ఎక్కితే మెడ ఉబ్బుతుంది. జెర్రిపోతు: పొడుగు, హుషారు, డిజైను అరిగిపోయిన పాత బస్సు టైరు. విషం లేదు.

అసలు తిరకాసు కట్లపాముది. నల్లటి ఒళ్ళు, తెల్లటి అడ్డగీతలు. అది కరిస్తే మనిషి లేవడు. అచ్చం దానిలాగే ఇంకో ఉత్త పాము ఉంది, దానికీ గీతలే, కరిచినా ఏమీ కాదు. తేడా ఎక్కడంటే అరుగుదలలో. మెడ దగ్గర గీతలు అరిగిపోయి, తోక వైపు కొత్తగా మెరుస్తుంటే కట్లపాము. మెడ దగ్గర కొత్తగా ఉండి, తోక వైపు అరిగితే ఉత్తది. ముందు చక్రమా, వెనక చక్రమా, ఏది అరిగిందో చూస్తే చాలు. నా జీవితమంతా నేను చేసిన పని అదే!

మా ఆవిడకి చెప్పాను. "బాగానే ఉందండీ, కానీ ముందేదో వెనకేదో తెలియాలి గదా" అంది. ఆడవాళ్ళకి బండి సంగతులు చెప్పకూడదు.

జూన్ 10, సోమవారం

ఈ రోజు పాము రాలేదు. ఏమీ తోచలేదు.

జూన్ 12, బుధవారం

జెర్రిపోతు! నిమ్మచెట్టు మొదట్లో, నేను మొక్కలు పెట్టిన పాత టైర్ల పక్కన, నా బారెడు పొడుగు. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అది కదల్లేదు, నేను కదల్లేదు. దానికి నా మీద నమ్మకం కుదిరింది. ఒకసారి తల ఊపింది కూడా. టీ చల్లారింది.

మా ఆవిడ వచ్చి దాన్ని చేత్తో ఎత్తి భుజాన వేసుకుంది. నా గుండె జారి అరికాల్లోకి వచ్చింది.

"వాషింగ్ మెషీన్ పైపండీ. పొద్దున మీ అబ్బాయి పడేశాడు."

పైపు మంచి కంపెనీది. అందుకే అలా ఉంది.

జూన్ 14, శుక్రవారం

ఇది రాయాలని లేదు. రాస్తాను.

కుళాయి పక్కన బోర్లించిన కుండీ ఎత్తితే చుట్ట చుట్టుకుని ఉంది. నలుపు మీద తెల్ల గీతలు. వంగి చూశాను. ఈ కొస కొత్త రబ్బరు, ఆ కొస అరుగుదల. అరిగింది తోక. అంటే ఉత్తది. "భయపడకండర్రా, ఇది ఉత్తది" అని అందర్నీ పిలిచాను. చెప్పుతో పక్కకి నెడదామని కాలెత్తాను. మా ఆవిడ వెనక నుంచి చొక్కా పట్టి లాగింది, గుండీలు ఎగిరిపోయాయి.

పాముల అమ్మాయి వచ్చింది. ఈసారి ఆ అమ్మాయి మెచ్చుకోలేదు. సంచి మూతి కట్టాక చెప్పింది. "తాతగారూ, మీ లెక్క కరెక్టే. అరిగిన కొసా కరెక్టే. కానీ మీరు తోక అనుకున్నది తల."

కట్లపాము.

కోడలు అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. దాని భుజాలు కదులుతున్నాయి. నేను చొక్కా గుండీలు ఏరుకున్నాను.

తర్వాత లేచి, మొహం కడుక్కుని, లెక్క చెప్పింది. "మామయ్యా, రెండే దారులు. మీరు అద్దాలు పెట్టుకుంటారు, పెరడు ఇలాగే ఉంటుంది. పెట్టుకోరు, ఈ నెల ముప్పయ్యో తారీఖు ఆదివారం మేస్త్రీ వస్తాడు. చిక్కుడు, నిమ్మ, టైర్లు అన్నీ తీసేసి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బండలు."

మా వాడి వైపు చూశాను. "మీ ఇష్టం" అన్నాడు. ఎవరి ఇష్టమో చెప్పలేదు. వాడు పుట్టినప్పటి నుంచీ అంతే.

జూన్ 15, శనివారం

పెట్టుకోను.

జూన్ 17, సోమవారం

వియ్యంకుడి దగ్గర నుంచి మనిషి వచ్చాడు. చేతిలో చిన్న డబ్బా. లోపల కళ్ళజోడు. పైన దూరానికి, కింద దగ్గరికి, రెండు ముక్కల అద్దం. కూతురు ఫోన్ చేసి చెప్పేసిందన్నమాట. నా కళ్ళు చూడకుండా నంబరు ఎలా కట్టాడని అడిగితే, కోడలు చెప్పింది. "మీరు భోజనాల దగ్గర పళ్ళెంలో కూర ఎక్కడుందో వెతుక్కోవడం మా నాన్న ఎన్నేళ్ళుగా చూస్తున్నాడు మామయ్యా!"

అన్నం తినేటప్పుడు కూడా నన్ను చూసేవాడన్నమాట. అదేం మనిషి!

డబ్బా తీసుకెళ్ళి పెరట్లో పగిలిన కుండీలో పారేశాను. అందరూ చూస్తుండగా. వాన పడితే తడుస్తుందని మీద ఒక పెంకు పెట్టాను. డబ్బా బాగుంది కదా అని.

జూన్ 18, మంగళవారం

నంబరు తప్పు కట్టి ఉంటాడు, ఆ తప్పు పట్టుకుంటే ఆయన పరువు తీయొచ్చు. అందుకని కుండీలోంచి డబ్బా తెచ్చి ఒక్కసారి పరీక్షించాను. స్నానాల గదిలో, గడియ వేసుకుని. ఒట్టు అలాగే ఉంది. పరీక్ష వేరు, పెట్టుకోవడం వేరు.

ఓరి నాయనో.

కిటికీలోంచి చూశాను. నిమ్మచెట్టుకి ఆకులున్నాయి! అంటే, ఆకులున్నాయని తెలుసు. ఒక్కొక్కటి విడివిడిగా ఉన్నాయి. ఒక్కోదానికి అంచు ఉంది. బీర తీగకి నూగు ఉంది. గోడ మీద చీమలు వరసలో పోతూ ఎదురుపడ్డప్పుడల్లా ఆగి మాట్లాడుకుంటున్నాయి. వీటికి ఇంత పని ఉందని నాకెవరూ చెప్పలేదే! తొండ ఒకటి నన్ను చూసి తలాడిస్తే నేనూ తలాడించాను.

అప్పుడు మా ఆవిడ బట్టలు ఆరేయడానికి వచ్చింది. ముక్కు పక్కన పుట్టుమచ్చ. కాపురానికి వచ్చిన కొత్తలో ఉండేది. మధ్యలో ఎప్పుడో పోయిందనుకున్నాను. పోలేదు. అక్కడే ఉంది. నేను కిటికీ ఊచ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బయట మా వాడు తలుపు బాదాడు, "నాన్నా, లోపలేం చేస్తున్నారు, నాకు డ్యూటీకి టైమవుతోంది!" అని.

నంబరులో తప్పేమీ దొరకలేదు. రేపు మళ్ళీ పరీక్షించాలి.

జూన్ 19, బుధవారం

పరీక్షించాను. దొరకలేదు.

జూన్ 20, గురువారం

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పరీక్షించాను. సాయంత్రం నిమ్మచెట్టు కింద నిజం జెర్రిపోతు. పైపు కాదు, కళ్ళున్నాయి. గుండ్రటి పెద్ద కళ్ళు, పెదవుల మీద నల్ల గీతలు కుట్లు వేసినట్టు. అరిగిన టైరని రాశాను కదా, అది తప్పు. పొలుసు పొలుసుకీ మెరుపు ఉంది. కొత్త రబ్బరు కూడా ఇంత అందంగా ఉండదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. పారిపోతుందని కొట్టలేదు.

ఈ మధ్య నా అక్షరం చిన్నదైంది. పేజీకి చాలా పడుతోంది. ఎందుకో మరి.

భోజనాల దగ్గర మా ఆవిడ నా మొహంలోకి వంగి చూసింది.

"ముక్కు మీద ఆ నొక్కులేంటండీ?"

"చీమ కుట్టింది."

"రెండు పక్కలా సమానంగా కుట్టిందా? పాపం, పద్ధతిగల చీమ."

కోడలికి పొలమారింది. నేను కూర కలుపుకున్నాను. చెయ్యి నేరుగా కూర మీదకే పోయింది. అదీ చూశారేమో.

జూన్ 23, ఆదివారం

పెన్ను ఆగడం లేదు. సంతోషానికి. మొదటి నుంచి రాస్తాను.

బండలు ఏ రంగువో తేల్చడానికి కూతురు పిలిచిందని వియ్యంకుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, బంగారు ఫ్రేము. రాగానే "బావగారూ, అద్దాలు అందాయా?" అన్నాడు. "అందాయి. కుండీలో ఉన్నాయి" అన్నాను. "కుండీకి చూపు బాగుపడిందా?" అన్నాడు. మా ఆవిడ నవ్వింది. ఈ ఇంట్లో నా జోకులకి తప్ప అందరి జోకులకీ నవ్వుతుంది.

నేను లేచి వెనక్కి పోయి, కుండీలోంచి డబ్బా తీసుకుని స్నానాల గదిలో దూరాను. మనసు బాగాలేనప్పుడు చీమలని చూస్తే తేలికవుతుంది.

కిటికీలోంచి చూస్తే, చిక్కుడు పందిరికి ఇవతల, రెండు పాములు. పెనవేసుకుని లేచాయి. నా నడుమెత్తు. ఒకదాని మెడ మీద ఒకటి మెడ వేసి నొక్కుతోంది. కిందది జారి, మళ్ళీ లేచి, దీన్ని నొక్కింది. దబ్బుమని పడ్డాయి. చిక్కుడు కర్ర ఒకటి విరిగింది. మళ్ళీ లేచాయి. రెండూ జెర్రిపోతులే! పెదవుల మీద అవే కుట్లు, రెండింటికీ! పడగ లేదు, నాగు లేదు, ఆడా లేదు. సరసమట సరసం! ఇది కుస్తీ!

అందర్నీ కేకేశాను. వియ్యంకుడు వచ్చి అరుగు అంచున నిలబడ్డాడు. నేను కిటికీలోంచే అరిచాను. "చూడండి బావగారూ! బాగా చూడండి! ఏమిటది?"

ఆయన చూశాడు. నేను ఆయన్నే చూస్తున్నాను. నోరు కొంచెం తెరుచుకుంది. కనుబొమలు పైకి పోయాయి. ఆయనకి తెలిసిపోయింది. నాకు తెలుసు, ఆయనకి తెలిసిపోయిందని.

అప్పుడాయన ఏం చేశాడంటే, కళ్ళజోడు తీశాడు. జేబు రుమాలు తీశాడు. తుడిచాడు. ఈ అద్దం తుడిచాడు, ఆ అద్దం తుడిచాడు, ముక్కు తుడుచుకున్నాడు, మళ్ళీ మొదటి అద్దం తుడిచాడు. ఈలోగా ఓడిన పాము గోడ కంతలోంచి పోయింది, గెలిచింది నా టైరులోకి పోయింది.

"ఆవిరి పట్టింది బావగారూ" అన్నాడు. "సరిగ్గా కనబడలేదు."

కళ్ళజోళ్ళ షాపు మనిషి! జీవితమంతా ఊరందరికీ చూపు అమ్మిన మనిషి! సరిగ్గా కనబడలేదట! నేను స్నానాల గదిలో బకెట్ మీద కూర్చుని కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. అద్దాలకి ఆవిరి పట్టింది. నిజం ఆవిరి.

జూన్ 24, సోమవారం

కోడలు నిన్న ఫోన్‌లో వీడియో తీసిందట. పాముల అమ్మాయికి పంపింది. ఆ అమ్మాయి జవాబు కోడలు అందరి ముందూ వినిపించింది. "రెండూ మగవే. బలాబలాలు తేల్చుకుంటున్నాయి. అందరూ సరసం అనుకుంటారు. వాటి జోలికి పోకండి. తాతగారికి ముడి వేయొద్దని చెప్పండి."

రెండూ పోతులే. పేరులోనే ఉంది.

వియ్యంకుడు రాత్రి ఇక్కడే ఉండిపోయాడు, పొద్దున టీ తాగుతున్నాడు. ఆ మాట విని, "వీడియోలో ఏం తెలుస్తుందమ్మా, ఫోన్ వంకరగా పట్టుకున్నావు" అన్నాడు.

కోడలు లేచింది. లెక్క చెప్పే గొంతు. "నాన్నా, మామయ్యా, ఇద్దరూ వినండి. శనివారం లోగా మామయ్య అందరి ముందూ అద్దాలు పెట్టుకుని పెరట్లోకి నడవాలి. కుండీలో కాదు, స్నానాల గదిలో కాదు."

అంటే దానికి తెలుసు. మా ఆవిడకి తెలుసు. మా వాడికి కూడా తెలుసునట, "మీ ఇష్టం" అని ఊరుకున్నాడు.

జూన్ 26, బుధవారం

నిన్న మా ఆవిడ పక్కన కూర్చుంది. "పెట్టుకోకూడదా? తోట పోతే మీరు ఏమైపోతారో నాకు తెలుసు" అంది. ఒట్టు సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. "ఆయన ఒక్క మాట అంటే చాలు. మీరందరూ నవ్వారు ఆ రోజు. నువ్వు కూడా" అన్నాను. "నేను పాములని చూసి నవ్వలేదండీ. మూతి ముడిస్తే మీరు మరీ అందంగా ఉన్నారు, అందుకు నవ్వాను" అంది. ఈ వయసులో ఇదేం మాట! లేచి మొక్కలకి నీళ్ళు పోశాను. పొద్దున పోసినవాటికే మళ్ళీ పోశాను.

ఈ రోజు సాయంత్రం వియ్యంకుడి ఇంటికే పోయాను. గుమ్మంలో నిలబడే చెప్పాను. "నా పెరడు మీ నాలిక చివర ఉంది బావగారూ. ఒక్క మాట. కొట్లాట అనండి, అద్దాలు పెట్టుకుంటాను. మీ షాపు అద్దాలే. మీరు గెలిచినట్టే, నేను గెలిచినట్టే."

"పెళ్ళినాటి పాముల సంగతా, మొన్నటి పాముల సంగతా?" అన్నాడు. గట్టివాడు.

"రెండూ."

"ఆలోచించుకోవాలి."

"పదిహేడేళ్ళు చాల్లేదా?"

"టీ తాగుతారా?" అన్నాడు. తాగాను. టీ బాగుంది. అది వేరే సంగతి. ఇద్దరం మెడ మీద మెడ వేసి కాసేపు పాముల గురించే మాట్లాడుకున్నాం. కట్లపాము అరుగుదల చెబితే చెవి ఒగ్గి విన్నాడు, రెండోసారి చెప్పించుకున్నాడు కూడా. వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చాడు. మాట మాత్రం ఇవ్వలేదు.

కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు పొద్దున ఫోన్‌లో ఇదే చదివి వినిపిస్తాను. బావగారూ, శనివారం చీకటి పడేలోగా మీరు మా అరుగు మీదకి వచ్చి, మా ఆవిడ, మీ కూతురు, మా వాడు వింటుండగా చెప్పాలి. కొట్లాటా, సరసమా? ఆవిరి పట్టింది అంటే ఒప్పుకోను. వంకర ఫోన్ అంటే ఒప్పుకోను. ఆదివారం పొద్దున మేస్త్రీ పలుగు తెస్తాడు. నా నిమ్మచెట్టు, గెలిచిన పోతు పడుకున్న నా టైరు, అన్నీ మీ ఒక్క మాట కోసం చూస్తుంటాయి.

మీరు ఆ మాట అనేదాకా నేను అద్దాలు పెట్టుకోను. కానీ మీరు ఆ మాట అంటున్నప్పుడు మీ మొహం నాకు స్పష్టంగా కనబడి తీరాలి. దానికేం చెయ్యాలో కూడా శనివారం లోగా మీరే చెప్పండి.